పాతది ఎందుకు పోయింది?

(నెల్లూరులో ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. మాట్లాడిన ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్ మెకానిక్. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనకాల ఫ్యాన్ కింద కూర్చున్న పెద్దాయనా, మీరు ఇట్టా ముందుకు రండి. ఆ ఫ్యాన్ తిరుగుతున్నట్టు కనిపిస్తుందే గానీ గాలి రాదు. వచ్చినప్పటి నుంచీ దాన్నే చూస్తున్నా. దాని సంగతి తర్వాత చెబుతా.

ప్రసంగం చెయ్యమంటే నాకు ముందు టెన్షన్ పట్టుకుంది. నాకు అలవాటైన ప్రసంగం ఒకటే. ఫ్రిజ్ వెనకాల గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవర్ నోట కరుచుకుని, ఇంటావిడకు సగం వినబడేట్టు చెప్పేది. లైబ్రేరియన్ గారు మాత్రం వదల్లేదు. "ఇక్కడికి వచ్చేవాళ్ళంతా అడిగేది ఒకటే, పాతది బాగు చేయించుకోవాలా, కొత్తది కొనుక్కోవాలా అని. అది చెప్పు, చాలు" అన్నారు.

సరే. మొదటే ఒక మాట. నేను రిపేర్లు చేసి పిలకాయల్ని చదివించుకున్నవాణ్ణి. వీడు ఎట్టాగూ బాగు చేయించుకోమనే అంటాడని మీకు అనుమానం ఉంటుంది. ఉండాలి కూడా. షోరూం అబ్బాయిని అడిగితే కొత్తది కొనమంటాడు. నన్ను అడిగితే బాగు చేయిస్తే పోతుందంటా. పాత సామాన్ల బండివాణ్ణి అడిగితే నాకు వేసెయ్ అంటాడు. ముగ్గురం మా పొట్టకూటి లెక్క చెప్పేవాళ్ళమే. అందుకని మా ముగ్గురిలో ఎవర్నీ ఆ ప్రశ్న అడగొద్దు. ఇంకో ప్రశ్న అడగండి. అసలు ఇది ఎందుకు పోయింది?

ఇన్నేళ్ళలో నా అంగడికి వచ్చినవాళ్ళందరూ "ఎంతవుద్ది?" అని అడిగారు. ఎందుకు పోయిందని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకు పోయిందో తెలియకుండా బాగు చేయించినా దండగే, కొత్తది కొన్నా దండగే. పాతదాన్ని చంపింది ఇంకా మీ ఇంట్లోనే కూర్చుని ఉంటుంది. కొత్తది ఎప్పుడొస్తుందా అని చూస్తుంటుంది.

ఈ గోతంలో కొన్ని వస్తువులు తెచ్చా. ఒక్కోటి తీస్తా, చూడండి.

ఇది గీజర్ ఎలిమెంట్, లోపల నీళ్ళను కాచేది ఇదే. కనిగిరి నుంచి తెచ్చా. మా బామ్మర్ది అక్కడ ఉంటాడు. ఆరేడేళ్ళలో మూడు గీజర్లు మార్చాడు. పోయినప్పుడల్లా "ఈ కంపెనీ మంచిది కాదు బావా" అని ఇంకో కంపెనీది తెచ్చేవాడు. ఒకసారి పెళ్ళికి పోయినప్పుడు మూడోదాన్ని విప్పా. అమ్మా, మీరొకసారి పట్టుకుని చూడండి. లోపల రాగి గొట్టం ఉందంటే నమ్ముతారా? జంతికను సున్నపు డబ్బాలో ముంచి ఎండబెట్టినట్టుంది. గోరుతో గీకితే పొరలు పొరలుగా వస్తుంది.

కనిగిరి నీళ్ళంటే అందరూ ఫ్లోరైడ్ అంటారు. నిజమే, అటు కనిగిరి, ఇటు ఉదయగిరి వైపు ఆ కష్టం చాలా ఉంది. కానీ గీజర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు. నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. ఉప్పునీళ్ళు అంటామే, సబ్బు నురగ రాని నీళ్ళు, అవి. వేడి తగిలేకొద్దీ ఆ సున్నం ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. పేరుకున్నాక లోపలి వేడి నీళ్ళకు సరిగా చేరదు. ఎలిమెంట్ లోపల్లోపలే కాలి పగిలిపోతుంది.  

మరి ఏం చెయ్యాలి? గీజర్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, చాలామందికి అది ఉందనే తెలియదు. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తనమీద వేసుకుని అది కరిగిపోతుంది. అది అయిపోయాక ట్యాంకు వంతు. ఉప్పునీళ్ళ ఊళ్ళలో ఏడాదికోసారి విప్పించి సున్నం తీయించి, ఆ కడ్డీ ఎంత మిగిలిందో చూపించమని అడగండి. నాబ్ చివరికంటా తిప్పకుండా మధ్యలో పెట్టుకోండి, వేడి తక్కువైతే సున్నమూ తక్కువ పడుతుంది. ఎలిమెంట్ పోయినా, థర్మోస్టాట్ పోయినా ధైర్యంగా మార్పించుకోండి, గీజర్ ధరలో అదొక మూల. ట్యాంకే కారుతుంటే మాత్రం అక్కడితో సరి. దానికి అతుకులు వేస్తానన్నవాణ్ణి గుమ్మం దగ్గర నుంచే పంపించెయ్యండి. మా బామ్మర్ది ఇప్పుడు నాలుగోదానితో ఉన్నాడు, ఏటా సున్నం తీయిస్తున్నాడు. కంపెనీ మంచిదంటున్నాడు!

(నవ్వులు)

ఇది ఇంకోటి. మెల్లగా తీయాలి, రాలిపోతుంది. ఏసీ బయటి యూనిట్‌లో ఉండే జల్లెడ ముక్క. ఒంగోలు దాటి కొత్తపట్నం, సముద్రానికి దగ్గర్లో ఒక ఇల్లు. ఈ అల్యూమినియం రేకులు చేత్తో నలిపితే చూడండి, అప్పడం పొడి అయినట్టు అవుతోంది. ఆ ఇంటాయన ప్రతి ఎండాకాలం గ్యాస్ నింపిస్తున్నాడు. అయిదేళ్ళు నింపించాడట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతా. గ్యాస్ అయిపోయింది అనే మాట ఎవరన్నా అంటే నమ్మొద్దు. అది వంట గ్యాస్ కాదు అయిపోవడానికి. ఫ్రిజ్‌లో అయినా ఏసీలో అయినా ఆ గ్యాస్ గొట్టాల్లో చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. కంపెనీలో పోసిందే చివరిదాకా ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడింది. కన్నం మూయకుండా గ్యాస్ పోయడం ఓటికుండలో నీళ్ళు పోయడమే. ఏం చెయ్యాలంటే, నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బు నురగ బ్రష్‌తో ప్రతి అతుకు దగ్గరా పూస్తే కన్నం ఉన్నచోట బుడగ లేస్తుంది. అరగంట, ముప్పావుగంట పని. ఆ పని చెయ్యకుండా గ్యాస్ మాత్రం పోసిపోయేవాడు మళ్ళీ ఏడాది రావడానికి దారి వేసుకుని పోతున్నాడు. నా వృత్తివాళ్ళు వింటే నన్ను తిడతారు, తిట్టనీండి.

ఆ కొత్తపట్నం ఆయనకు చివరికి కాయిల్ మొత్తం పోయింది, కొత్త ఏసీ కొన్నాడు. అదీ తీసుకెళ్ళి సముద్రం వైపు గోడకే బిగించమంటున్నాడు. పాత స్టాండ్ అక్కడే ఉంది కాబట్టి! ఆ స్టాండ్ ధర ఎంతండీ? "సార్, ఉప్పుగాలి మొదట తగిలేది ఈ గోడకే. వెనక గోడకు పెట్టిస్తే పైపు కొంచెం పొడుగు పడుతుంది, అంతే" అన్నా. వినేదాకా డ్రిల్లు బయటికి తీయలేదు. నెలకోసారి బయటి యూనిట్‌ను స్విచ్ ఆపి మంచినీళ్ళతో కడుక్కోమని చెప్పా. మైపాడు, రామాయపట్నం, ఆ వైపు ఊళ్ళవాళ్ళు ఉంటే మీకూ ఇదే మాట. కొనేటప్పుడు రాగి కాయిల్ తీసుకోండి. అల్యూమినియం కాయిల్‌కు కన్నం పడితే అతికేవాళ్ళు తక్కువ, అతికినా నిలవడం కష్టం.

మూడోది... ఇది చూసి ఎవరూ భయపడొద్దు. పీసీబీ, అంటే ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు. దీనిమీద నల్లగా అతుక్కుని ఉన్నది బల్లి. అవును, బల్లే. బల్లి నెత్తిన పడితే ఏమవుద్ది, భుజాన పడితే ఏమవుద్దని పంచాంగంలో చూసుకుంటాం. పీసీబీ మీద పడితే ఏమవుద్దో పంచాంగంలో రాయలేదు. నేను చెబుతా. ధన నష్టం.

(నవ్వులు)

ఇది దర్గామిట్ట దగ్గర ఒక ఇంటి ఏసీలోది. బోర్డు పని చేసేటప్పుడు వెచ్చగా ఉంటుంది కదా, బల్లి అక్కడికి చేరుతుంది. రెండు కాళ్ళు రెండు తీగల మీద పెడుతుంది, అది పోతుంది, బోర్డూ పోతుంది. సర్వీసు నుంచి వచ్చిన అబ్బాయి "బోర్డు మొత్తం మార్చాలి, తొమ్మిది వేలు, అది కూడా ఇప్పుడు రావట్లేదు, కొత్త ఏసీ తీసుకోండి" అని చెప్పి పోయాడు. ఆ అబ్బాయి తప్పు కూడా కాదు, వాళ్ళకు బోర్డు మార్చడమే నేర్పిస్తారు. బోర్డు మీద చిన్న చిన్న పార్టులు మార్చే కుర్రాళ్ళు ఇప్పుడు నెల్లూరులోనూ ఉన్నారు, ఒంగోలులోనూ ఉన్నారు. వాళ్ళకు చూపించకుండా ఏ ఇన్వర్టర్ ఏసీనీ పారెయ్యొద్దు. ఇది కాలిపోయింది బాగా, నా దగ్గరే ఉండిపోయింది. కానీ అదే ఇంట్లో రెండో ఏసీకి కూడా ఏడాది తిరక్కుండా ఇదే జరిగితే, అది బాగైంది. పైపులు గోడలోకి పోయే కన్నం దగ్గర ఖాళీ ఉంది, అది మూయించాం. ఈసారి బల్లి రాలేదు.

ఇక నా తప్పు ఒకటి చెబుతా. నలుగురిలో చెప్పుకోవడానికి బాగుండదు గానీ, చెప్పాలి.

పదిహేనేళ్ళ కిందట, ఊరి బయట కొత్తగా వచ్చిన కాలనీలో ఒక మాష్టారి ఇల్లు. ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది వేశా. ఎనిమిది నెలలకు మళ్ళీ పోయింది. నేను కంప్రెసర్ అమ్మినవాణ్ణి తిట్టి, ఇంకోటి వేశా. మజూరీ తీసుకోలేదు. అదీ ఆర్నెల్లకు పోయింది. అప్పుడు మాష్టారు నన్ను ఒక్క మాట అనలేదు. టీ ఇచ్చి కూర్చోబెట్టారు. కూర్చున్నా కాబట్టి కనబడింది. ఎదురింట్లో ఎవరో గ్రైండర్ వేశారు, వీళ్ళ హాల్లో బల్బు ఒక్కసారి తెల్లగా మెరిసి మళ్ళీ తగ్గింది. మీటర్ పెట్టి చూస్తే 230 వోల్టులు ఉండాల్సిన చోట ఒకసారి 290, ఒకసారి 180. స్తంభం దగ్గర న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే తీగ, వదులైంది. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ సరిగా లేకపోతే ఒక ఇంటి కరెంటు ఇంకో ఇంటి మీద పడుతుంది. లైన్‌మ్యాన్ వచ్చి స్తంభం ఎక్కి అయిదు నిమిషాల్లో బిగించి దిగాడు. మాష్టారు అప్పటికి పాతది కాక రెండు కంప్రెసర్లు, ఒక టీవీ పోగొట్టుకున్నారు. నేను మొదటిరోజే మీటర్ పెట్టి చూసి ఉంటే ఆయనకు ఆ ఖర్చు తప్పేది. ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా సంచీలోంచి మొదట మీటరే తీస్తా.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. ఎందుకు పోయిందో తెలిసింది, దాన్ని సరిచేశాం. బాగు చేయించాలా, మార్చాలా?

బాగు చేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చెయ్యాలి అని ఒక లెక్క చెబుతుంటారు. నాకు అది అంతగా నచ్చదు. సగం అన్నది ఎంతో చూస్తారు, మిగతా ఒళ్ళు ఎట్టా ఉందో చూడరు. ఏడేళ్ళ ఫ్రిజ్, బాడీ గట్టిగా ఉంది, అడుగున తుప్పు లేదు, కంప్రెసర్ ఒకటే పోయింది. వేయించుకోండి, ఇంకో ఏడెనిమిదేళ్ళు వస్తుంది. పద్దెనిమిదేళ్ళ ఫ్రిజ్, తలుపు వాలిపోయింది, అడుగు రేకు చిల్లులు పడింది, దానికి రెండు వేల పని కూడా ఎక్కువే.

ఫ్రిజ్‌లో రిలే, ఓవర్‌లోడ్, థర్మోస్టాట్, లోపలి ఫ్యాను, తలుపు రబ్బరు, వీటికోసం ఎవరన్నా ఫ్రిజ్ మార్చమంటే ఆ మనిషిని మార్చండి. రబ్బరు పట్టు చూసుకోవడం తేలిక. తలుపులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. బిగుతుగా రావాలి. ఊరికే జారివచ్చిందంటే అక్కడ చల్లదనం బయటికి పోతోంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది. నాలుగు వైపులా చూడండి, మూలలు ముఖ్యం.

గొట్టానికి కన్నం బాడీ లోపల, చల్లదనం పోకుండా గోడల్లో నింపే ఆ పఫ్ నురగ మధ్యలో పడితే మాత్రం కష్టం. గోడ పగలగొట్టకుండా లోపలి పైపు వెతికినట్టుంటుంది. ఇంకోటి, ఏ గ్యాసో చూసుకోవాలి. బాగా పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 ఉండేది. ఓజోన్ పొరకు చెరుపు చేస్తుందని 2010 నుంచి మన దేశంలో ఆపేశారు. అటువంటి ఫ్రిజ్ ఇంకా నడుస్తుంటే నడవనీండి, గ్యాస్ పోతే మాత్రం దండం పెట్టి పంపెయ్యండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ. అంటే ఐసోబ్యూటేన్, మన వంట సిలిండర్‌లో గ్యాస్‌కు దగ్గర చుట్టం. చాలా కొద్దిగా, కొన్ని పదుల గ్రాములే ఉంటుంది, రోజూ వాడుకోవడానికి భయం లేదు. కానీ గ్యాస్ పూర్తిగా బయటికి పంపకుండా, వంటింట్లో కిటికీలు మూసుకుని వెల్డింగ్ మంట వెలిగించేవాడు ఉంటే వెంటనే ఆపండి.

వాషింగ్ మెషిన్ గురించి తొందరగా చెబుతా. బెల్టు, కెపాసిటర్, నీళ్ళు బయటికి తోసే పంపు, నీళ్ళొచ్చే వాల్వు, ఇవన్నీ మార్చుకునేవే. పంపు పోయిందన్నవాటిలో చాలాసార్లు లోపల ఇరుక్కున్నది చొక్కా గుండీనో, రూపాయి బిళ్ళో. ముందు తలుపుండే మెషిన్‌లో డ్రమ్ బేరింగ్ పోతే ఆలోచించాలి. విమానం లేచినట్టు చప్పుడొస్తుంది, మీకే తెలుస్తుంది. కొన్ని మోడళ్ళలో తొట్టి రెండు ముక్కలూ అతికించేసి వస్తున్నాయి, బేరింగ్ ఒక్కటే మార్చడానికి వీల్లేదు, తొట్టి మొత్తం కొనాలి. కొనేముందే షోరూంలో అడగండి, ఈ తొట్టి విప్పొచ్చా అని. ఆ అబ్బాయికి తెలియదు. కానీ అందరూ అడిగితే ఎప్పటికైనా తెలుసుకుంటాడు.

ఇప్పుడు ఆ ఫ్యాను. నేను రిపేరువాణ్ణే అయినా, పని చేస్తున్నదాన్ని కూడా మార్చమని చెప్పే వస్తువుల్లో ఇది మొదటిది.

ముందు అది ఎందుకు నెమ్మదించిందో చెబుతా. పైన గిన్నె లోపల కెపాసిటర్ ఉంటుంది, బొటనవేలంత. ఎక్కువగా రెండున్నర మైక్రోఫారడ్‌ది. అది బలహీనపడితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి రాదు. నూరు రూపాయల లోపు పని. లైబ్రేరియన్ గారూ, రేపు నేనే వచ్చి వేస్తా, డబ్బులొద్దు.

అయితే పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్, కొత్త రకం మోటారుది, 30 వాట్ల చుట్టుపక్కల. తేడా 45 వాట్లు. మీ హాల్లో ఫ్యాన్ రోజుకు పదిహేను గంటలు తిరిగితే, మన నెల్లూరు ఎండలకు ఏడాదిలో 300 రోజులు వేసుకున్నా, రెండు వందల యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలంటే పన్నెండు వందలు. ఫ్యాన్ మూడు వేలైతే మూడేళ్ళలోపు మీ డబ్బు మీకొచ్చేసింది. చుట్టాలొస్తే తిరిగే గదిలో ఫ్యానుకు ఈ లెక్క కుదరదు, దానికి కెపాసిటర్ వేయించుకోండి చాలు. ఒకే ఇంట్లో రెండు ఫ్యాన్లకు రెండు జవాబులు, చూశారా?

ఆరు రూపాయలు అన్నా కదా. మన రాష్ట్రంలో ఇళ్ళకు కరెంటు స్లాబుల్లో ఉంటుంది. 126 నుంచి 225 యూనిట్ల దాకా ఆరు రూపాయలు. 225 దాటితే ఎనిమిది రూపాయల డెబ్భై అయిదు పైసలు. 400 దాటితే తొమ్మిది డెబ్భై అయిదు. పైన సర్దుబాటు ఛార్జీలు వేరే, అవి మీకు నాకంటే బాగా తెలుసు. చాలామంది బిల్లును యూనిట్లతో భాగించి సగటు చూస్తారు. అది కాదు చూడాల్సింది. మీరు ఆదా చేసే యూనిట్ పై స్లాబులోంచి తగ్గుతుంది. మే నెలలో ఏసీ వేసి 300 యూనిట్లు కాల్చే ఇంట్లో ఒక యూనిట్ తగ్గించారంటే మిగిలేది తొమ్మిది రూపాయలకు పావలా తక్కువ.

పాత ఫ్రిజ్ ఎంత తింటోందో చూసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. చలికాలం, ఏసీ అవసరం లేని రాత్రి ఒకటి చూసుకోండి. పడుకునేముందు ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపెయ్యండి. మీటర్ చూసి రాసుకోండి. పొద్దున లేవగానే మళ్ళీ చూడండి. మా వీధిలో ఒకావిడ చూస్తే ఎనిమిది గంటలకు 0.6 యూనిట్ వచ్చింది. అంటే రోజుకు 1.8, ఏడాదికి 650 పైన. పగలు తలుపు తీస్తూ వేస్తూ ఉంటాం కాబట్టి ఇంకా ఎక్కువే. షోరూంలో కొత్తదాని లేబుల్ మీద ఏడాదికి 200 యూనిట్లని రాసి ఉంది. తేడా 450. ఆరు రూపాయల లెక్కన 2,700. ఎనిమిది ముప్పావు లెక్కన నాలుగు వేలకు కొంచెం తక్కువ. ఆవిడ ఫ్రిజ్ చక్కగా చల్లబరుస్తోంది, చప్పుడు లేదు. అయినా మార్చెయ్యమ్మా అని నేనే చెప్పా.

లేబుల్ మీద స్టార్లు లెక్కపెట్టుకోవద్దు, యూనిట్లు చూడండి. ఆ స్టార్ల పద్ధతి 2006లో మొదలైంది. అప్పటి నుంచీ కొన్నేళ్ళకోసారి కొలత బిగిస్తున్నారు. పదేళ్ళ కిందటి అయిదు స్టార్లు ఇప్పటి లెక్కలో మూడో, రెండో అవుతాయి. ఏ ఏళ్ళకు ఆ లేబుల్ చెల్లుతుందో దానిమీదే ఉంటుంది.

వరద గురించి కూడా చెప్పమన్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగింది మీ అందరికీ గుర్తే. పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి మద్రాసు రైళ్ళు ఆగిపోయాయి. వెంకటేశ్వరపురం వైపు ఇళ్ళలో ఫ్రిజ్‌లు బురదలో తేలాయి. ఆ వారం రెండు రకాల తప్పులు చూశా. కొందరు నీళ్ళు తీసిన రోజే ప్లగ్ పెట్టారు, పేలింది. కొందరు బురద చూసి భయపడి, బండివాడు ఎంతిస్తే అంతకు వేసేశారు. ఫ్రిజ్ కంప్రెసర్ అంటే సీలు వేసిన ఇనుప డబ్బా. దానిలోకి వరద నీళ్ళు పోవు. తడిసేది పక్కనుండే రిలే, వైర్లు. విప్పి, మంచినీళ్ళతో బురద కడిగి, నాలుగైదు రోజులు ఎండలో ఆరబెట్టి, మెగ్గర్, అంటే కరెంటు బాడీలోకి లీకవుతుందో లేదో చూసే మీటరు, పెట్టి చూసి అప్పుడు కరెంటు ఇవ్వాలి. ఒక ముసలామె ఫ్రిజ్ అట్టా బతికించా. కరెంటు ఇచ్చిన మర్నాడు నాకు ఫోన్ చేసి, "అయ్యా, చల్లబడింది గానీ ఏటి వాసన వస్తోంది" అంది. ఆ వాసన పోవడానికి నెల పట్టింది. వేపాకు పెట్టింది, నిమ్మ చెక్కలు పెట్టింది, చివరికి బొగ్గు పెడితే పోయింది.

లెక్కకు అందనివి కొన్ని ఉంటాయి. పొదలకూరు నుంచి ఒకావిడ వెట్ గ్రైండర్ తెచ్చింది, పెళ్ళప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చింది. మోటారుకు అప్పటికే రెండుసార్లు వైండింగ్ చేశారు. "అమ్మా, ఈ డబ్బుకు ఇంకొంచెం వేస్తే కొత్తది వస్తుంది" అన్నా. ఆవిడ, "మోటారు కొత్తది వెయ్యి, బెల్టు కొత్తది వెయ్యి, డబ్బా కూడా మార్చు. రాళ్ళు మాత్రం అవే ఉండాలి" అంది. రాళ్ళను తడిమి చూశా. ఇరవై అయిదేళ్ళు పిండి రుబ్బి నున్నగా అయ్యాయి గానీ బీట లేదు, పెచ్చు లేదు. గంట్లు కొట్టించి బిగించి ఇచ్చా. రాళ్ళ విషయంలో నాకంటే ఆవిడ లెక్కే కరెక్ట్.

ఏమన్నా అడగాలంటే అడగండి.

(సభలో ఒకరు: కంపెనీవాళ్ళు పార్టు దొరకదంటే ఏం చెయ్యాలి?)

రాసి ఇవ్వమనండి. నోటిమాటగా దొరకదన్నది రాయమంటే ఒక్కోసారి దొరుకుతుంది. కేంద్రం వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, కొన్ని కంపెనీల సర్వీసు వివరాలు అక్కడ ఉంటాయి. వారంటీ ఉండి కూడా తిప్పుతుంటే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు మాత్రం దాచుకోవాలి. బిల్లు కాయితం మీద అచ్చు ఏడాదిలో చెరిగిపోతుంది, కొన్నరోజే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

(ఒక మహిళ: పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొచ్చా, బండివాడికి వెయ్యాలా?)

ఎక్స్‌చేంజే మేలమ్మా. బండివాడు రాగి కోసం గొట్టం కోసేస్తాడు, గ్యాస్ గాల్లోకి పోతుంది, మిగతాది పెన్న గట్టున పడుతుంది. ఇ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి ఉన్నాయి, తయారుచేసినవాళ్ళే పాతవి రీసైకిల్ చేయించాలి. ఆఫర్‌లో పాతదానికి ఎంత ఇస్తున్నారో వేరుగా రాయించుకోండి. కొన్నిచోట్ల ముందు ధర పెంచి, తర్వాత పాతదానికి ఇస్తున్నట్టు చూపిస్తారు.

ఆ వెనకాల, చెయ్యెత్తిన బాబూ, చెప్పు.

(యువకుడు: మాది పదేళ్ళ ఫ్రిజ్ అన్నా. మొన్న మంగళవారం ఆగిపోయింది. కంప్రెసర్ పోయింది, ఆరున్నర వేలవుద్ది అన్నారు. మా అమ్మ కొత్తది కొనేద్దామంటోంది.)

మంగళవారం ఎన్నింటికి?

(యువకుడు: సాయంత్రం.)

ఆ సాయంత్రం ఇంట్లో ఇంకేమన్నా పోయిందా?

(యువకుడు: ఒక ఎల్‌ఈడీ బల్బు పోయింది. వైఫై డబ్బా కూడా పని చెయ్యట్లేదు.)

పక్కింట్లో?

(యువకుడు: వాళ్ళది టీవీ పోయిందన్నారు.)

బాబూ, ఫ్రిజ్ సంగతి రేపు చూద్దాం. నువ్వు ఇప్పుడే బయటికి పోయి మీ అమ్మకు ఫోన్ చేసి, ఇంట్లో టీవీ, ఏసీ, అన్నీ ప్లగ్గులు పీకెయ్యమను. ఆ తర్వాత లైన్‌మ్యాన్‌కు చెయ్యి. నంబర్ లేకపోతే 1912. న్యూట్రల్ చూడమని చెప్పు, ఆ మాటే చెప్పు. పో, నేను ఇక్కడే ఉంటా.